పుస్తకం మీద ఇంటిపేరు

“నా పుస్తకం మీద మీ ఇంటిపేరెందుకు రాయించావు అమ్మమ్మా?”

“మా ఇంట్లో తింటూ మా పేరంటే చేదా? రేపు బళ్లోనూ అదే రాయిస్తా.”

“నాకు నాన్న ఇంటిపేరుంది!”

తెనాలిలో పుస్తకాల కొట్టు ముందు, పొద్దున తొమ్మిదింటికి, పదేళ్ల మనవరాలు సరళతో నా పోట్లాట ఇది. కిందటి కార్తీకంలో వచ్చిన ఉప్పెనలో దాని తల్లీ తండ్రీ పోయారు. ఇల్లూ పుస్తకాలూ మిగల్లేదు. అప్పట్నుంచీ రేపల్లెలో నా దగ్గరే ఉంటోంది. మర్నాడు బడిలో చేర్చాలి. బాపట్లలో ఉన్న దాని పెదనాన్నేమో పిల్లను తన దగ్గరికి పంపమని రెండు ఉత్తరాలు రాశాడు. పుస్తకాలు కొనడానికీ, ఆ సంగతి తేల్చుకోవడానికీ ఒకే ప్రయాణం చాలనుకుని, రేపల్లెలో పొద్దున్నే ఆరింటి రైలుకు ఒక ఫుల్లు, ఒక హాఫ్ టిక్కెట్టు తీసుకున్నాను.

బడి పుస్తకాలతో సరిపెడదామనుకున్నాను. కొట్టతను, “కొత్తగా వచ్చిందండి పిన్నిగారూ, పిల్లలూ చదవొచ్చు, మీరూ చదవొచ్చు” అంటూ ఒక బొమ్మల కథ చూపించాడు. సరళ దాన్ని కింద పెట్టలేదు. బేరమాడి అదీ కొన్నాను. కొత్త పుస్తకం మొదటి పేజీలో పేరు రాయడం మాకు అలవాటు. నా చదువు రెండో తరగతితో ఆగింది, రాత వంకర. అందుకని అతని చేతే సిరాతో రాయించాను. పేరు పడిపోతే పెదనాన్న ఇక మాట్లాడలేడని నా ఎత్తు.

స్టేషను బెంచీ మీద మూట విప్పి పెరుగన్నం తిన్నాం. సరళ నావైపు చూడకుండా తిన్నది. బాపట్ల వెళ్లే పదిన్నర ప్యాసింజర్లో ఎదురుగా కూర్చున్న దర్జీ సాయిబు, “ఏంటమ్మాయ్ ఆ కథ? మాకూ వినిపించు” అన్నాడు. సరళ చదివి చెప్పింది. గాలివానకు గూడు పోయిన కొంగ కాకుల చెట్టు మీద చేరుతుంది. మాలాగే కావుకావుమని అరవాలంటాయి కాకులు.

“కొంగేమంది?”

“మీ కొమ్మ మీద ఉంటాను, మీతో కలిసి తింటాను, కానీ నా గొంతు నాదే అంది.”

“భలే కొంగ! కాకులకుండాలి బుద్ధి” అని సాయిబు పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బాపట్లలో రిక్షా ఎక్కకుండా నడిచే వెళ్లాం. పెదనాన్న మజ్జిగ ఇప్పించి, పుస్తకం తెరిచి, పేరు చూసి మూసేశాడు.

“తమ్ముడు ఎటూ పోయాడు, అత్తయ్యగారూ. వాడి పేరు కూడా ఉండకూడదాండి?”

పుస్తకం నా వైపు లాక్కున్నాను. చివరికి పిల్లనే అడిగాను, “ఎక్కడుంటావే?”

“అమ్మమ్మ దగ్గరే. కానీ నేను నాన్న కూతుర్నే.”

అతను కండువాతో ముఖం తుడుచుకుని, “సెలవులకైనా పంపించండి” అన్నాడు. పంపుతానన్నాను.

రేపల్లె తిరిగొచ్చే నాలుగింటి బస్సులో సరళ నా ఒళ్లో తలపెట్టి నిద్రపోయింది. దారిలో చెరుకుపల్లి వచ్చేలోగా ఆ కథ వేలు పెట్టి రెండు పేజీలు చదివాను. పెద్దవాళ్లకూ పనికొస్తుందని కొట్టతను అన్నది అబద్ధం కాదు. అన్నం మూట ఉంటే మూడు ఊళ్లూ ఒక్క రోజులో తిరిగి రావచ్చు. పిల్లను తోడు తీసుకెళ్లేవారు ముందు దాన్ని ఒక మాట అడిగి బయలుదేరండి.

మర్నాడు పొద్దున బడిలో మాస్టారు, “ఇంటిపేరు ఏంటండి?” అన్నారు. దాని తండ్రి ఇంటిపేరు చెప్పాను. చేరిక కాగితం కింద సంరక్షకుల గీత మీద నా పేరు నేనే రాశాను. చాలాసేపు పట్టింది. మాస్టారు ఆగారు.