నాగేశం సేటు మామిడి చిగురు

సిద్దిపేట ఇత్తడి వ్యాపారి నాగేశం సేటుకు లోకంలో ఒకే ఒక్క పట్టింపు: ఏ యేటి వసంతానికి ఆ యేటి చిగురే కావాలి. కిందటేటి రంగుతో ఋతురాజును ఆహ్వానించడం ఆయన దృష్టిలో అతిథికి ఎంగిలి విస్తరి వేయడంతో సమానం. అందుకని దుకాణం బోర్డు మీది మామిడికొమ్మను ఏటా ఫాల్గుణంలో చెరిపించి, పెయింటర్ హనీఫ్ చేత కొత్తగా వేయించేవాడు.

ఒక్కసారితో ఒప్పుకుంటే ఆయన నాగేశమే కాడు.

"హనీఫ్ భాయ్, చిగురు జర పండినట్టు కొడుతుంది."

హనీఫ్ మార్చేవాడు.

"గిప్పుడు మరీ పసిగుంది. ఇంకా కండ్లు తెరవలే."

మళ్లీ మార్చేవాడు. సృష్టికర్తయైన బ్రహ్మదేవుడు కూడా ఒక్క చిగురు కోసం అన్నిసార్లు నిచ్చెన ఎక్కి ఉండడు.

విరోధి నామ సంవత్సరం పేరు నిలబెట్టుకుంది. ఢిల్లీ ప్రకటించిన తెలంగాణ రాష్ట్రం నెల తిరక్కుండానే వెనక్కి పోయింది. గోడల మీద హనీఫ్ రాసిన నినాదాలు వెలిసిపోతున్నాయి. మిగిలిన కొద్ది పనులూ ఫ్లెక్సీల పాలయ్యాయి. మనసు ఎండిపోయి, మర్నాటి బస్సుకు హైదరాబాదు పోయి వాచ్‌మన్ పనిలో చేరదామని నిశ్చయించుకుని, అతడు చెప్పిపోవడానికి వచ్చాడు.

"ఇగ నాతోని కాదు సేటూ. రేపే పోతున్న."

"పో భాయ్, ఎవరొద్దన్నరు? చిగురేసి పో. వసంతాన్ని వాకిట్ల నిలవెట్టి పోతవా?"

చేతిలో ఒక మామిడి రెమ్మ పెట్టాడు.

హనీఫ్ అయిష్టంగానే నిచ్చెన ఎక్కాడు. లేతాకులు ఎండలో రాగిరేకుల్లా వెలిగాయి. వేళ్లకు అంటిన పసరు వాసన ఎక్కడికో తీసుకుపోయింది. చౌరస్తాలోని తెలంగాణ దీక్షా శిబిరం నుంచి డప్పు దరువు గాలి మీద తేలివస్తుంటే, కుంచె ఆ దరువుకే ఊగసాగింది. రంగు ఎప్పుడు కలిపాడో, ఎవరూ అడగని కోయిలను కొమ్మపై ఎప్పుడు కూర్చోబెట్టాడో అతనికే తెలియదు. దిగి చూస్తే కొమ్మంతా రాగి ఎరుపు. ఒక్క ఆకూ పచ్చగా లేదు.

నాగేశం తల పక్కకు వాల్చి, కండ్లు చిట్లించాడు.

"బాగుంది గని, గీ పచ్చ జర ముదిరింది. రేపు ఇంకోపాలి కలుపు."

గల్లా దగ్గర ఆయన భార్య పద్మమ్మ ఫక్కున నవ్వింది.

"పచ్చ యాడున్నదయ్యా! హనీఫన్నా, ఈయనకు పుట్టినకాంచి ఎరుపు, పచ్చ ఒక్కతీరే కనవడ్తయి. నా చీర రంగేందో చెప్పుమను!"

నాగేశం గబుక్కున ఒక చెంబు అందుకుని, తళతళలాడుతున్నదాన్నే మళ్లీ తుడవసాగాడు.

"మరి పండింది, పసిగుంది అంటివి గద సేటూ?"

"ఊకో భాయ్! చిగురన్నంక ఏదో ఒక వంక ఉంటది."

ఆ వంకలు మొదలైంది ఊళ్లోకి ఫ్లెక్సీలు దిగిన ఏడే కదా అని హనీఫ్‌కు అప్పుడు తోచింది. పని దొరకని రోజుల్లో తన చేతిని కుంచె మరిచిపోనివ్వనివి అవే. నవ్వు ఆపుకుని, ఎర్రటి కొమ్మను మహా గంభీరంగా పరికించాడు.

"నిజమే సేటూ, పచ్చ శాన ముదిరింది. రేపు పొద్దుగాల్నే వస్త."