చుక్కి బొమ్మ వేయబోయి

మా ఊళ్లో కొందరు నన్ను ఇప్పటికీ మేకల దొంగ అంటారు. అననివ్వండి. నన్ను పట్టుకున్నది పోలీసులు కాదు, గిట్టనివాళ్లూ కాదు. నా నోరే నన్ను పట్టిచ్చింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నేను సిగ్గుపడతానని మాత్రం ఆశపడకండి.

రెండు వేల మూడో, నాలుగో. అనంతపురంలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. ఎవరో మూడు రోజుల చిత్రకళా శిబిరం పెట్టి, పెంపుడు జంతువు బొమ్మ వేయాలన్నారు. అందరూ కుక్కల ఫొటోలు, పిల్లుల ఫొటోలు తెస్తామన్నారు. మా ఇంట్లో మనుషులకే ఫొటోలు లేవు, ఇక మా మేక చుక్కికెక్కడివి?

"మేకనే తెస్తా సార్," అన్నాను.

బొమ్మలు నేర్పే సారు నెమ్మదస్తుడు. "ఫొటో అయితే కదలదమ్మా," అన్నాడు.

"ఫొటోకు ప్రాణం ల్యా గదా సార్."

ఆ మాటకు నేనే మురిసిపోయి, ముందురోజు సాయంత్రం కళ్యాణదుర్గం దగ్గరున్న మా ఊరికి పోయాను. "పొద్దున్నే చుక్కిని తోలుకపోతా," అని అమ్మకు చెప్పి పడుకున్నాను.

మా దొడ్డికీ పక్కింటి ఓబుళేసు మామ దొడ్డికీ మధ్య ముళ్లకంప ఒక్కటే అడ్డం. మా చుక్కీ, ఆయన మేకా ఒకే ఈతలో పుట్టిన కవలలు. రెండూ నలుపే, రెండింటికీ నొసట తెల్లచుక్కే. ఇంకా చీకటి ఉండగానే మొదటి బస్సు కోసం లేచి, దొడ్లో చేతికి తగిలిన మేకను పట్టుకున్నాను. మా చుక్కి ఎప్పుడూ పిలిస్తే రాదు, లాగితే కుమ్ముతుంది. ఇది పెళ్లికూతురిలా తలొంచుకుని వెంట నడిచింది. నా మీద బెంగ పెట్టుకుందనుకుని కళ్లు తుడుచుకున్నాను. కంపలో సందు పడిందన్న సంగతి నాకేం తెలుసు?

బస్సులో కండక్టరు, "ఏం పాపా, దీన్ని కాలేజీలో చేర్పిస్తాండావా?" అన్నాడు.

"ఫస్టు క్లాసులో పాసయితాది," అన్నాను.

శిబిరం వెనకాల వేపచెట్టుకు కట్టేసి రెండు రోజులు గీశాను. సారు వచ్చి, "కాళ్లు పొట్టిగా వచ్చాయమ్మా. ఒకసారి దాని వైపు చూసి గీయి," అన్నాడు.

"నా చేతుల్లో పెరిగిన మేక సార్. చూడాల్సిన పన్లే." సారు అటు తిరగ్గానే చూస్తే చీలిన చెవి, వంకర కొమ్ము, మోకాలి మీద మచ్చ కనిపించాయి; నేను హాస్టల్లో ఉండగా చుక్కికి వచ్చినవేమో అనుకుని అవీ గీశాను.

రెండోరోజు మధ్యాహ్నం మేక తాడు కొరుక్కుని పోయింది. వీధులన్నీ తిరిగాను. ఆకుకూరలమ్మే ఒకామె, "నా తోటకూర తిని బస్టాండు పక్క పోయినాది," అంది. బస్టాండులో లేదు. నా మేక, నా నష్టం, ఇంట్లో ఎలాగో చెప్పుకుంటానని గుండె రాయి చేసుకుని మిగతా బొమ్మ పూర్తి చేశాను.

మూడోరోజు ప్రదర్శన. నాయన వచ్చాడు. వెంట ఓబుళేసు మామ.

"మామ మేక మూడు దినాలుగా కనపల్లేదే. సంతలో చూస్తామని వచ్చినాం," అన్నాడు నాయన. "అవునే, చుక్కిని తోలుకపోతానని మీయమ్మతో చెప్పి, మళ్లా దొడ్లోనే ఇడ్సిపెట్టి పోయినావేం?"

చుక్కి ఇంట్లోనే ఉంటే, నేను తోలుకొచ్చింది మామ మేకనే. సారుకూ సంగతి అర్థమైంది. రెండు రోజులు ఆ మేకకు ఆకులు వేసిన మనిషి కదా.

ఓబుళేసు మామ నా బొమ్మ ముందు నిలబడి తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "పాపా, ఇది కుక్కనా, దూడనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సారు గబగబా అందుకున్నాడు. "అమ్మాయి ఊహించి గీసిందండీ. అది ఏ జంతువూ కాదు." నా చెవిలో, "ఊరుకో తల్లీ, గండం గడిచింది," అన్నాడు.

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆరోజు నాకది పూర్తి విముక్తి. నోరు మూసుకుంటే చాలు. కానీ కుక్క అంటే ఊరుకోవాలా? నా మూడు రోజుల కష్టాన్ని దూడ అంటే పడాలా?

"కుక్క కాదు మామా, మేక," అన్నాను. "సరిగ్గా చూడు. ఈ చీలిన చెవి, ఈ వంకర కొమ్ము, ముందరకాలి మోకాలి మీద ఈ తెల్లమచ్చ. ఇట్లాంటి మేక యాడన్నా ఉండాదా?"

ఆయన వంగి మోకాలి దగ్గర చూశాడు. చాలాసేపు చూశాడు. నిదానంగా నిలబడ్డాడు.

"ఉండె," అన్నాడు. "మూడు దినాల కిందటి దాకా మా దొడ్లో ఉండె. ఇప్పుడు యాడుండాది పాపా?"

సారు కుర్చీలో కూలబడ్డాడు. నాయన నా వైపు చూసిన చూపుకు రంగులు ఆరిపోయాయి.

ఆ మేక మళ్లీ దొరకలేదు. దానికి బదులు మా చుక్కిని ఓబుళేసు మామ తోలుకుపోయాడు. పోతూ పోతూ అందరినీ కుమ్మిందట. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం హాస్టల్లో తలుపేసుకుని ఏడ్చాను. అయినా ఒక్కమాట అడుగుతాను. చేతకాని బొమ్మ అయితే మేక యజమాని గుర్తుపట్టేవాడా? చెప్పండి.

అందుకే వేపచెట్టు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక జన్మలో ప్రాణమున్నదాన్ని గీయను. చెట్లు, బండలు మాత్రమే గీస్తాను. అది కూడా పట్టాదారు పాసుపుస్తకం చూసి, ఆ బండ ఎవరి చేలో ఉందో తేల్చుకున్నాకే కుంచె ముట్టుకుంటాను.