పడకగది పైకప్పులో గాజు పలక

రెండు వేల దశకం చివర్లో, ఒక ఎండాకాలం మొదట్లో, నన్ను కమాన్‌పూర్ దగ్గరి బొగ్గుగని కార్మికుల కాలనీకి సివిల్ విభాగంలో డిప్యూటీ ఇంజనీరుగా వేశారు. అప్పటికే మా పై ఆఫీసుకు పర్యావరణం మీద హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక పక్క ఊళ్లకు ఊళ్లు తవ్విపోస్తూ, ఇంకో పక్క ప్రకృతిని కాపాడే క్వార్టర్లు కట్టమన్నారు.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు ప్రతి పడకగది పైకప్పులో తలుపంత గాజు పలక పెట్టించాడు. పగలు లైటు వేయక్కర్లేదు, కరెంటు ఆదా. డ్రాయింగు మీద సంతకం చేసింది నేనే, మెచ్చుకుంటూ చేశాను కూడా. గనిలో మూడు షిఫ్టులు. వంతుల ప్రకారం ప్రతి కార్మికుడికీ రాత్రి డ్యూటీ వారం పడుతుంది, ఆ వారమంతా అతను పగలే పడుకోవాలి. నాకు తెలియని సంగతేం కాదు. జనరల్ షిఫ్టు చేసుకుంటూ, మందపాటి పరదాల వెనక పడుకునేవాణ్ణి కనుక గుర్తురాలేదు.

మొదటి అర్జీ శామ్యేలుది. గనిలో, వాళ్ల మాటలో బాయిలో, పైకప్పు చూడటం అతని పని. ఇనుప కడ్డీతో తట్టి, బోలు శబ్దం వస్తే జట్టును వెనక్కి పిలిచి దన్ను పెట్టించాలి. జట్టంతా అతని చెవిని నమ్ముకుని లోపలికి దిగేది. గాజు మూయించమని అడిగితే, ‘ఇంధన పొదుపు డిజైనులో మార్పులు వీలుకావు’ అని జవాబు రాశాను. వాక్యం బాగా కుదిరిందని మురిసిపోయాను.

కొన్నాళ్లకు శామ్యేలు పాత కన్వేయర్ బెల్టు ముక్క తెచ్చి గాజు మీద కప్పేశాడు. బొగ్గు మోసి మోసి అరిగి, యార్డులో పారేసిన రబ్బరు అది. అయినా కంపెనీ ఆస్తే. ఛార్జిషీటు ఇస్తే సస్పెన్షన్ దాకా పోతుంది. పైగా పచ్చదనం అవార్డు కమిటీ తనిఖీకి వస్తోంది. విచారణకు నన్నే పంపారు.

పొద్దున పదకొండింటికి వెళ్లాను. శామ్యేలు నిచ్చెనెక్కి బెల్టు పక్కకు లాగి, దిగివచ్చి మంచం చూపించాడు. "జర గీడ పండుండ్రి సార్" అన్నాడు. పడుకున్నాను. ఎండ నేరుగా కళ్లలో పొడిచింది. ఐదు నిమిషాలు కూడా ఉండలేకపోయాను.

"రాత్రంత బాయిల కప్పు చూస్త, పగలంత ఇంట్ల కప్పు చూస్త. నిద్రెప్పుడు పోవాలె? గీ బెల్టు కప్పకముందు ఓనాడు కడ్డీతోని కొడితే సప్పుడు చెవికెక్కలె. మా బావ ఎనకకు గుంజకపోతే అయిపోయేటోన్ని సార్" అన్నాడు.

"సస్పెండు చేసినా మంచిదే సార్, పానంతోనన్న ఉంటడు" అంది అతని భార్య ఎస్తేరు.

నాకు సిగ్గేసింది. కానీ డిజైను తప్పని రాసే ధైర్యం చాలలేదు. అందుకని రిపోర్టులో, ‘వ్యర్థ పదార్థాల పునర్వినియోగంతో ప్రయోగాత్మక కాంతి నియంత్రణ ఏర్పాటు’ అని రాశాను. చీఫ్ ఇంజనీరు రెండుసార్లు చదివి, ఆలోచన తనదే అన్నట్టు తలాడించాడు. కమిటీ సభ్యులు నిచ్చెనెక్కి బెల్టు పక్కన ఫొటోలు దిగారు. అవార్డు వచ్చింది. ఆ వెంటే అన్ని క్వార్టర్ల గాజుకూ బెల్టులు కప్పమని ఆర్డరు వచ్చింది. కరెంటు ఆదా చేసే ఇళ్లలో పట్టపగలు లైట్లు వెలిగాయి. శామ్యేలు పేరు ఏ కాగితంలోనూ లేదు. కమిటీ వచ్చిన పూట అతను లోపల గురక పెడుతున్నాడు.

రిటైరయ్యేదాకా ఏ ఇంటి ప్లానొచ్చినా, ముందు అందులో ఉండబోయేవాళ్ల షిఫ్టు షెడ్యూలు తెప్పించుకున్నాను. సూర్యుడు ఎటు పొడుస్తాడో ఆర్కిటెక్టు చెప్తాడు. ఇంటాయన ఎప్పుడు పడుకుంటాడో ఇంటాయన్నే అడగాలి.