ఉడుకుబుగ్గ రాళ్ల పొట్లాలు

ఆ రాళ్ల పొట్లాలు కట్టింది నేను, దేవదానం సారు కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పేదాంట్లో నమ్మడానికి వీల్లేని సంగతి కూడా ఒకటుంది. దెయ్యాలనీ మహిమలనీ నేనెన్నడూ నమ్మలేదు. శ్మశానం పక్కన జీపు ఆపుకుని హాయిగా నిద్రపోయినవాణ్ని. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

అప్పట్లో ప్రొద్దుటూరులో బాడుగ జీపు తోలేవాణ్ని. పార్టీల పేరుతో ఊళ్లు రెండుగా చీలిపోయిన రోజులవి. ఎవరు ఎటు పోతున్నారో చూడటానికి మలుపు మలుపుకూ మనుషులుండేవాళ్లు. దేవదానం సారు జమ్మలమడుగులో సైన్సు టీచరు. ముత్తాతల కాలం నుంచి వాళ్లది మిషన్ బడి పంతుళ్ల కుటుంబం. సెలవొస్తే నా జీపు మాట్లాడుకుని, పులివెందుల దారిలో ఉన్న ఉడుకుబుగ్గ గుట్టకు వచ్చేవాడు. బుగ్గ అనేది పేరుకే. అక్కడ నీళ్లు ఊరగా చూసినవాళ్లు మా తాతల్లో కూడా లేరు. ఎండిన గుంట, దాని చుట్టూ అంచులంచులుగా తెల్లరాయి, అంతే.

"ఉడుకునీళ్లు ఊరి ఊరి, దాంట్లో సున్నం పొర మింద పొర పేరుకుంటాది మద్దిలేటీ. నీళ్లు పోయినా పొర పోదు. అంగారకుని మింద ఇట్లాంటిది కనపడిందనుకో, ఆడ ఒకప్పుడు ఉడుకునీళ్లు ఉండినట్టు. సన్న జీవాలు గూడా ఉండి ఉండొచ్చు. ఆడికి పోలేము కాబట్టి ఈడ నేర్చుకోవాల."

"దావలో డీజిల్ బంకుంటే చెప్పు సార్, పోయొద్దాం" అనేవాణ్ని.

ఆ రోజు ఆయన గుంట అడుగు నుంచి పైదాకా వరసగా రాళ్లు కొట్టాడు. ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, ఏ పొరదో పైన ఇంకుతో నంబరు వేశాడు. ఒకదానికొకటి రాసుకోకుండా కట్టమని నా చేతికిచ్చాడు. రాసుకోకూడని వాటిని ఎట్లా కడతారో మా ఊళ్లో చిన్నప్పటి నుంచి నేను చూసిన పద్ధతి ఒకటే. పురికొస బిగించి చుట్టి, బకెట్లో పొట్టు పోసి పేర్చాను. నాటుబాంబులు అట్లాగే మోసుకుపోయేవాళ్లు. చెయ్యి దానంతటదే ఆ పని చేసేసింది.

తిరిగొస్తుంటే ఒక ఊరి మలుపులో నలుగురు జీపు ఆపారు. బకెట్ మీది గోనెపట్ట ఎత్తి చూసి వెనక్కి దూకారు.

"ఏంది సారూ, పిల్లోళ్లకు నేర్పిచ్చేది ఇదేనా? ఏ పార్టీకి తీసకపోతాండావు?"

"రాళ్లప్పా. విప్పి చూడు."

"నువ్వే విప్పు సామీ, పోలీసుల ముందర. మాకు చేతులతో శానా పనుంది. కట్టిందెవురు? చేయి తిరిగినోడే."

సారు ఒక్కసారి నా వైపు చూశాడు. నా పేరు చెబితే నేను ప్రాణాలతో ఆ ఊరు దాటనని ఆయనకు తెలుసు. నా పేరు ఎత్తకుండా, "రాళ్లేనప్పా" అనే అన్నాడు. నేను స్టీరింగు వైపు చూస్తూ, "బాడుగకొచ్చినోణ్నన్నా" అన్నాను.

వాళ్లు కబురంపితే పోలీసులొచ్చి, ఎవర్నీ పొట్లాలు ముట్టనియ్యకుండా సారును స్టేషన్‌కు తీసుకుపోయారు. బాంబులు దొరికితే నీళ్లలో ముంచేవాళ్లు. పొట్లాలను కూడా ముంచారు. తెల్లారేసరికి కాగితాలు నాని ఊడిపోయాయి, రాళ్లు బయటపడ్డాయి, సారును వదిలేశారు. కానీ నంబర్లన్నీ కరిగిపోయాయి. వరస తెలియని రాళ్లు రోడ్డు కంకరతో సమానం. ఊళ్లలో మాత్రం ఆయన 'బాంబుల సారు' అయిపోయాడు. పిల్లల్ని ఆ బడి మాన్పించారు. ఆయన్ని దూరం బదిలీ చేశారు.

సారును స్టేషన్ నుంచి వదిలిన మూడో రోజు మధ్యాహ్నం, మళ్లీ అవే పొరల నుంచి రాళ్లు తెచ్చి ఆయనకిద్దామని ఒక్కణ్నే గుట్టకు పోయాను. గుంట నిండా నీళ్లున్నాయి. పైన పల్చగా ఆవిరి. మోకాలి లోతు దిగాను, కాళ్లు చురుక్కుమన్నాయి. చేతిలో జీపు తాళం ఉంది, దాని ఇత్తడి బిళ్ల నీళ్లలో మునిగింది. ఎవరికైనా చూపించాలని పరుగెత్తి, గొర్రెలు మేపుకుంటున్న ఓబులేసును పిలుచుకొచ్చాను. గుంటలో దుమ్ము, గొర్రె పెంటికలు తప్ప ఏమీ లేవు.

"ఎండకు తల తిరిగిందేమో మామా" అని నవ్వినోడు కిందికి చూసి ఆగిపోయాడు. "మరి నీ ప్యాంటు యాడ తడిసింది?"

బిళ్ల మీద గోరుమందాన తెల్లటి పూత పట్టి ఉంది.

నీళ్లు పోయినా పొర పోదన్న మాట ఆ తర్వాత నన్ను వదల్లేదు. అయినా సారు దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు. పోయిన ఏడాది, రిటైరై జమ్మలమడుగులోనే ఉన్నాడని తెలిసి పోయాను. బిళ్ల ఇచ్చి ఆ నీళ్ల సంగతంతా చెప్పాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇంత మందం కట్టాలంటే ఏండ్లు పడతాది. నిమిషాల్లో కట్టదు. నాకూ తెలీదు నాయనా" అన్నాడు. నాకైతే ఇప్పటికీ తెలియదు.

బిళ్ల నా చేతిలో పెట్టి, "మళ్లీ రాళ్లు కొట్టకొద్దామా? ఈసారి నంబర్లు రంగుతో రాళ్ల మిందనే ఏద్దాం" అన్నాడు. పొట్లాల సంగతి ఎత్తబోతే, "ఆ మాట నాకెందుకు చెప్తావు? పేరు పోయింది ఈడ కాదు గదా" అన్నాడు.

గుట్టకు పోయే దారిలో ఆ మలుపు దగ్గర జీపు ఆపాను. ఇప్పుడక్కడ టీ అంగడి ఉంది. ఆనాడు బండి ఆపినవాళ్లలో ఇద్దరు ముసలివాళ్లై బెంచీ మీద కూర్చుని ఉన్నారు. సారును పక్కన నిలబెట్టుకుని అందరికీ వినపడేట్టు చెప్పాను.

"ఆ పొద్దు బకెట్లో పొట్లాలు కట్టింది నేనప్పా. అవి రాళ్లని నాకు తెలుసు. బయపడి నోరు మూసుకున్నా. సారు నన్ను కాపాడినాడు, నేను సారును కాపాడలేదు. తప్పు చేసినా సార్, మన్నించు."