బాపు దిగిన చెక్క

నా చిన్నప్పుడు, ఒక చలికాలపు ఉదయం ఏడుంబావుకు, అమ్మ చెంచాతో చాయ్ తాగిస్తుంటే, తనను వాకిట్లోకి దించమని మా బాపు అడిగాడు. పక్షవాతం వచ్చాక ఆయన ఏదైనా అడగడం అదే మొదలు.

మాది మరాఠీ గడ్డ మీద, ఇళ్లలో తెలుగు మాట్లాడే ధర్మాబాద్ వైపు ఊరు. గోదావరి నీళ్లు ఇళ్లలోకి వస్తాయని అక్కడ అరుగులు ఎత్తుగా కడతారు. బాపు మరాఠీ బడిలో గణితం చెప్పేవాడు. కుడిపక్క పడిపోయాక, ఒకసారి ఆయన తమ్ముడు, మా కాక, వీపున మోసుకుని మెట్లు దిగుతూ జారాడు. ఇద్దరూ పడ్డారు. అప్పటి నుంచి బాపు ఎవరినీ ఎత్తనివ్వలేదు. బడికి వెళ్లే పిల్లల మాటలు గోడ అవతలి నుంచి వింటూ చక్రాల కుర్చీలో కూర్చునేవాడు.

అరుగు మీది నుంచి ఏటవాలుగా చెక్క వేస్తే కుర్చీ దిగుతుందని బాపే చెప్పాడు. కింద పన్నెండు జానల దూరంలో రాయి పెట్టి, చెక్క పొడవు నన్ను తేల్చమన్నాడు. అరుగు ఎత్తు కాక కొలిచి ఐదు జానలన్నాడు. నేల నేను కొలిచాను. అరుగుకూ నేలకూ మధ్య లంబకోణం, చెక్క కర్ణం. ఐదైదులు ఇరవై ఐదు, పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు, కలిపితే నూట అరవై తొమ్మిది. అంటే పదమూడు పదమూళ్లు. పదమూడు జానల తాడు నేను కొలిచి ఇస్తే, కాక ఆ పొడవుకే చెక్క కోయించుకొచ్చాడు.

చెక్క నిచ్చెనలా నిలబడింది. రాయి దాకా కూడా రాలేదు.

"లెక్కల సారు బిడ్డ లెక్క గిట్లుంటదా?" అన్నాడు కాక. "దీని మీదికెల్లి తోస్తె అన్న సక్కగ నాందేడ్ల పడ్తడు."

అమ్మ నవ్వలేదు. లోపల బాపు నాతో లెక్క మళ్లీ చెప్పించుకున్నాడు. ఏది ఎవరు కొలిచారని అడిగాడు. తర్వాత తన ఎడమచేతిని చాపి, అందులో నా చేతిని చాపి పెట్టించాడు. నా జాన ఆయన జానలో సగానికి కొంచెం ఎక్కువ, అంతే.

"లెక్క తప్పలె బిడ్డ," అన్నాడు ముద్దముద్దగా. "రెండు చేతులు కలిసినయ్. ఎవ్వరిదైన మంచిదే, ఒక్కరిదే ఉండాలె."

ఈసారి అన్నీ కాక చేత్తోనే కొలిచాం. రాయి గేటు దగ్గరికి జరిగింది. కొత్త చెక్క మీద కాక వెనక పట్టుకుని, అమ్మ ముందు వెనకడుగులు వేస్తూ, బాపును దించారు. బడి పిల్లలు ఆగి నమస్కారం పెట్టారు. ఆయన ఎడమచేయి ఎత్తాడు, చాలాసేపు దించలేదు.

ఆ చలికాలమంతా వాకిట్లో కూర్చుని, బడిలో మరాఠీలో చెప్పే లెక్కలు నాకు తెలుగులో చెప్పాడు. కర్ణం తెలిసి మిగతా రెండు భుజాల్లో ఒకటి తెలియకపోతే, వర్గాలను కలపకూడదని, తీసివేయాలని అక్కడే నేర్చుకున్నాను. ఎండాకాలం రాకముందే రెండోసారి పక్షవాతం వచ్చి పోయాడు.

అమ్మ సరిగ్గా ఏడవలేదని ఊళ్లో అన్నారు. వాళ్ల జానతో వాళ్లు కొలిచారు. ఎవరి దుఃఖం గురించైనా మాట అనబోయే ముందు, బాపు చేతిలో నా చేయి ఎంత చిన్నగా ఉండిందో ఇప్పటికీ గుర్తు చేసుకుంటాను.

మనవలు ఇక్కడ నాందేడ్‌లో మరాఠీ బడిలో చదువుకుంటున్నారు. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ తెలుగులో లెక్కలు చెప్పుకోరు.