మగ్గం రాయి, రెండు బిళ్లలు

మా అత్తమ్మ సిరిసిల్ల నుంచి జగిత్యాలకు వస్తే సంచిలో మక్క గారెలు ఉంటాయి. ఆసారి గారెల కింద ఒక రాయి కూడా ఉంది. పిడికిలంత రాయి, ఎర్రటి చారలు, మధ్యలో తాడు రాసుకుని అరిగిన గాడి.

మామయ్య మరమగ్గాలకు మారకముందు చేతిమగ్గం మీద నేసేవారు. పడుగు దారాలు బిగువుగా నిలవడానికి తాడుకు కట్టి వేలాడదీసిన రాయి అది. మగ్గం ఎప్పుడో విప్పేశారు. ఆయన పోయిన తర్వాత కూడా రాయి మాత్రం తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవడానికి మిగిలింది.

"అల్లుడా, దీన్ని సానబట్టి రెండు బిళ్లలు చెయ్యాలె. పెద్దదానికొకటి, చిన్నదానికొకటి. మెడల ఏసుకుంటరు."

పెద్దది అంటే కోరుట్లలో ఉండే మా వదినె. చిన్నది మా ఆవిడ.

"ఒక్కటే వస్తే?" అన్నాను.

"ఒక్కటైతే అసలే వద్దు. పెద్దదానికిస్తె చిన్నది నాతోని మాట్లాడది. చిన్నదానికిస్తె పెద్దది ఫోనే ఎత్తది. రెండైతేనే కొయ్యి."

నేను రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. రాళ్లు కోసి సానబట్టడం సెలవు రోజుల సరదా. ఎవరూ నేర్పలేదు, చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను. రాయి అందగానే నాలుక ఆనించి చూశాను. అంటుకుంది. అంటే లోపల కంటికి కనిపించని రంధ్రాలున్నాయి, నీరు పీలుస్తుంది. పైగా ఒక పగులు కొస నుంచి కొస దాకా పోయింది. నా భయం నిజమే అయింది. రంపం కింద పెడితే సగం రాయి పిండిపిండిగా రాలిపోయింది. చివరికి ఒకే ఒక్క పలక దక్కింది. దాని నడుమ కూడా ఆ పగులే. రెండు బిళ్లలూ అందులోంచే రావాలి.

ఇలాంటి రాయికి ఎపాక్సీ పట్టించాలి. రెండు సీసాల్లో వచ్చే జిగురు. తూకం ప్రకారం కలిపితే గట్టిపడి రాయిని లోపలి నుంచి పట్టుకుంటుంది. కాకపోతే రాయిలో తడి ఉండకూడదు, తడి తగిలితే జిగురు తెల్లబడుతుంది. రంపానికి నీళ్లు పోస్తూ కోసిన పలక కాబట్టి మేడ మీద ఎండబెట్టి, రోజూ సాయంత్రం చిన్న కాంటా మీద తూచాను. తూకం తగ్గడం ఆగితే ఎండినట్టు. ఎనభై నాలుగు గ్రాముల దగ్గర ఆగింది.

మర్నాడు మిల్లు నుంచి వచ్చి, జిగురు కలిపే ముందు అలవాటుగా మళ్లీ తూచాను. ఎనభై ఏడు!

కాంటా మీద అనుమానం వచ్చింది. రూపాయి బిళ్లలు పెట్టి చూశాను, కాంటా సరిగ్గానే ఉంది. పలక పైకి పొడిగానే ఉంది.

"ఈ పలకనెవరన్న ముట్టుకున్నరా?"

అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, "నేనే. పొద్దుగాల బకీట్ల ఏసి నానబెట్టిన. ఇప్పుడే తుడిచి పెట్టిన" అంది.

"నానబెట్టిండ్రా!"

"మరి? నువ్వే అంటివి గదా, గంజి లెక్క జిగురు పట్టియ్యాలె అని. నూలు నానబెట్టంది గంజి పడ్తదా? ఎన్నేండ్లు పట్టిన నేను! నీకు తెల్వదేమో అని నేనే చేసిన."

గంజితో పోల్చి చెప్పింది నేనే.

"ఎంతెక్కింది?" అంది.

"మూడు గ్రాములు."

"మూడు గ్రాములకా గింత మొఖం పెట్టినవు? మిల్లుల లారీలు తూస్తవు!"

లోపలి నుంచి మా ఆవిడ నవ్వు. "అమ్మా, ఆయన కూరల ఉప్పు గూడ తూచి ఎయ్యమంటడు."

ఆ వారమే మబ్బులు పట్టాయి. ఎండ లేదు. రొట్టెల పెనం మీద గుడ్డ పరిచి, సన్నని సెగ మీద పలకను వెచ్చబెట్టాను. తూకం దిగుతూ వచ్చి, ఎనభై నాలుగు పాయింట్ రెండు దగ్గర మొండికేసింది. ఆదివారం వదినె వస్తోంది. తడి కాస్త మిగిలిందని తెలిసినా ఇక నేను ఆగలేదు.

జిగురు సీసాను వేడినీళ్లలో పెట్టి పల్చబరిచి, రెండోది తూచి కలిపాను. పలకను గాజు సీసాలో జిగురులో ముంచి, పాత ఫ్రిజ్ మోటారుతో సీసాలోని గాలి లాగాను. రాయిలోంచి సన్నటి బుడగలు బారులు తీరి పైకి వచ్చాయి. అత్తమ్మ వంగి చూసింది.

"గాలి ఎళ్లిపోతున్నది. ఇగ తాగుతది సూడు."

నిజంగానే గాలి తిరిగి వదలగానే జిగురు మట్టం కిందికి దిగింది.

గట్టిపడ్డాక రంపం పట్టాను. పలకను అడ్డంగా రెండు చేయాలి, అంటే రంపం పగులును దాటాలి. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. పగులు దాటేటప్పుడూ రంపం చప్పుడు మారలేదు. పలక రెండుగా విడింది, పగులు ఎక్కడిదక్కడే ఉంది.

"వచ్చినయా?"

"రెండూ వచ్చినయ్ అత్తమ్మా."

సానబెట్టాక తెలిసింది, ఒక బిళ్ల నిండుగా ఎర్రగా మెరుస్తోంది, రెండోదానిలో పగులు వెంట తెల్లటి మబ్బు. మొండికేసిన తడి అక్కడే దాక్కుందన్నమాట. మబ్బుదాన్ని మా ఆవిడకిద్దామనుకున్నాను. ఇంట్లో మనిషి, సర్దుకుంటుంది.

ఆదివారం వదినె బస్సు దిగి వచ్చి, చెప్పులు విడవకముందే రెండూ చేతిలోకి తీసుకుంది. మబ్బుదాన్ని వెలుగుకు పట్టి చూసింది.

"మరిదీ, ఇది నాదే. అచ్చం బాపు అంగీ మీద గంజి మరక లెక్కున్నది." బాపు అంటే వాళ్ల నాన్న, మా మామయ్య.

"అక్కా, గది నాకని పెట్టిండు!"

"పెద్దదాన్ని నేను."

"మొత్తం పని జరిగింది మా ఇంట్ల!"

నిగనిగలాడే బిళ్లను ఎవరూ ముట్టుకోవడం లేదు. అత్తమ్మ మొహంలో సంతోషం తగ్గిపోయింది. రెండు వచ్చినా ఒక్కటే వచ్చినట్టయింది. కాసేపు ఇద్దరి వంకా చూసి రెండూ లాక్కుంది.

"మరక పడ్డది నేను నానబెట్టినందుకు. అందుకని నేను చెప్పినట్టే ఇనాలె. మరకది ఆర్నెల్లు దాని మెడల, ఆర్నెల్లు దీని మెడల. మార్చుకునేటందుకు ఒకరింటికి ఒకరు పోవాలె. పార్సిలు పంపితే ఊకోను."

అప్పటి నుంచి అదే పద్ధతి. ఈ ఆర్నెల్లు మబ్బు బిళ్ల మా ఇంట్లో ఉంది. వదినె పసుపు దారంతో తెచ్చింది. మా ఆవిడ ఆ దారం తీసి ఎర్ర దారం కట్టింది. దారం లేని ఆ కాసేపట్లో నేను బిళ్లను కాంటా మీద పెట్టాను. వదినె స్నానానికి కూడా తీయలేదట. తూకం ఇక్కడి నుంచి పోయిన నాడు ఎంతో ఇప్పుడూ అంతే. చుక్క నీరు కూడా లోపలికి పోలేదు.