దేవరాజన్ తొట్టి గ్యాసు మానిన వైనం

ముత్తియాల్‌పేటలో ఉండే ఆర్. దేవరాజన్‌ది ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్లు చూసుకునే ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా రోగులకు ఊపిరి అందిస్తున్నాడు. ఇంటికొస్తే మాత్రం మనసంతా ఇంకో సిలిండర్ మీద. అందులో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. ముందుగదిలో నాలుగడుగుల చేపలతొట్టి, దాన్నిండా నీటిమొక్కలు. సన్నని గొట్టంలోంచి సెకనుకు రెండు బుడగల చొప్పున వచ్చే ఆ గ్యాసుకి మొక్కలు ఎర్రగా నిగనిగలాడేవి.

ఊళ్లో ఇట్లా చేపలతొట్లు పెట్టుకునేవాళ్లకు పెద్దదిక్కు అణ్ణాదురై. ఆదివారం వస్తానన్నాడు. ఆయన కళ్లకు మొక్కలు ఇంకాస్త ఎర్రగా కనిపించాలని, శుక్రవారం డ్యూటీకి పోతూ దేవరాజన్ గ్యాసు మర కొంచెం ఎక్కువ తిప్పాడు.

పదకొండింటికి భార్య మరగతం ఫోన్ చేసింది.

"ఏందండీ, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరస్తా ఉండాయి?"

అప్పుడాయన ఆయాసపడుతున్న ఒక ముసలాయనకి మాస్కు తగిలిస్తున్నాడు.

"గ్యాసు మర కట్టెయ్! మగ్గుతో ఆ నీళ్లే ముంచి పైనించి పొయ్యి, గాలి కలవాల. నేనొచ్చేదాకా ఆపొద్దు."

స్కూటర్ మీద వచ్చేసరికి మరగతం చీరంతా తడిసింది. చెయ్యి లాగుతున్నా పోస్తూనే ఉంది. ఎనిమిది చేపలు పోయాయి.

"ఆడ ఊపిరి పెట్టేది, ఈడ ఊపిరి తీసేది. ఏం ఉద్యోగమండీ మీది?"

దేవరాజన్ ఫోన్ తీశాడు. అణ్ణాదురైని రావద్దన్నాడు. తొట్టికి గ్యాసు మాన్పిద్దామని ఆరోజే తేల్చుకున్నాడు.

ఒక్కసారిగా ఆపితే మొక్కలన్నీ కుళ్లిపోతాయి. అందుకని వారం వారం బుడగలు తగ్గించాడు. రోజుకి ఎనిమిది గంటలు వెలిగే లైటుని ఆరు గంటలే వేశాడు. ఆసుపత్రిలో ఆక్సిజన్ మాన్పించేదీ ఇట్లాగే, మెల్లమెల్లగా. అక్కడ రోగులు కోలుకుని ఇంటికి పోయేవాళ్లు. ఇక్కడ ఎర్రమొక్కలు ఒక్కొక్కటే పాలిపోయాయి. గాజుకి నాచు పట్టింది. రోజూ పొద్దున్నే గీకేవాడు. చివరికి ఎర్రవన్నీ పీకేసి, గ్యాసు అడగని జావా ఫెర్న్, అనుబియాస్ మొక్కలు తెచ్చి రాళ్లకు కట్టాడు. నెలకో ఆకు వేసినా గొప్పే అనిపించే మొక్కలవి. రెండో నెలాఖరుకి సిలిండర్ పూర్తిగా ఆగింది.

మరో మూణ్ణెల్లకి అణ్ణాదురై వచ్చాడు. ఎర్రమొక్కల ఫోటోల కోసం అంతకుముందు మూడుసార్లు వచ్చిన మనిషే. కుర్చీ లాక్కుని చాలాసేపు చూశాడు.

"ఏంది దేవరాజా, వట్టి పచ్చగా ఉండాదే!" అని పెదవి విరిచాడు. కాసేపటికి కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. "చేపలు మాత్రం బాగుండాయి. కొత్తగా తెచ్చినావా?"

"లేదణ్ణా. నాలుగేండ్లుగా ఇవే."

"మీ కోసం చంపినవి పోను మిగిలినవి," అంది వంటింట్లోంచి మరగతం.